ఇంజను మీద నిలబడ్డ రూపాయి

ఆ కంపెనీ కారు తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు వింటే చాలు, అది ఆ కంపెనీదేనని కళ్ళు మూసుకుని చెప్పవచ్చునని మా మామయ్య సిద్ధాంతం. నేను కళ్ళు మూసుకునే పరీక్షించాను. ఆయన ఇంటి వెనుక పెరట్లో నిలిపి ఉన్న చుట్టాల, ఇరుగుపొరుగుల కార్ల తలుపులను ఒక్కొక్కటిగా ఆయన చేతనే వేయించి విన్నాను. కొరియా కారును జర్మన్ కారన్నాను. తరువాత ఆయన కళ్ళకు అత్తయ్య శాలువా కట్టి, తలుపులు నేను వేశాను. ఆయన తన సొంత కారును పక్కింటావిడ చిన్న కారనుకుని, "రేకు డబ్బా" అన్నాడు. శాలువా విప్పి ఫలితం చూపిస్తే కాసేపు గడ్డం గోక్కుని, "గాలి అటు తోలుతోంది, అందుకని" అన్నాడు. ఆ రోజు గాలి లేదు.

నేను జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో కొలత పరికరాలను సరిచూసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. త్రాసు సరిగా తూస్తోందా, ఉష్ణమాపకం నిజం చెబుతోందా అని అనుమానించడమే నా ఉద్యోగం. చదివింది భౌతికశాస్త్రం. పరికరాన్నే నమ్మనిదాన్ని, మనిషి మాటను నమ్ముతానా? మామయ్య మా అమ్మకు అన్న. పందొమ్మిది వందల డెబ్భైలలో తెనాలి నుంచి ఇంజనీరుగా వచ్చి, ఆ కార్ల కంపెనీలో చేరి, అక్కడే పదవీ విరమణ చేశాడు. కంపెనీ పేరు చెప్పను. దాని గురించి మామయ్య చెప్పినవాటిలో సగమే సరిచూడగలిగాను. మిగతా సగం తేలేదాకా ఆ పేరు ఎత్తడం ఉభయులకూ అన్యాయం.

ఆయన దగ్గర ఆ కంపెనీ కారే ఒకటి ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, పెట్రోలు ఇంజను, పెద్దవాళ్ళ మంచాలంత వెడల్పు సీట్లు. మా వైపు నుంచి ఈ ప్రాంతానికి ఉద్యోగానికో చదువుకో కొత్తగా ఎవరు వచ్చినా ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో వాళ్ళకు మొదట ఎదురయ్యేది ఆ కారే. ఇల్లు దొరకక ముందే, అన్మెల్డుంగ్ అనే చిరునామా నమోదు కాక ముందే, వాళ్ళకు ఆ కంపెనీ చరిత్ర అంతా తెలిసిపోయేది. సీటు బెల్టు పెట్టుకుని, బండి హైవే మీద పరుగెడుతుండగా, దిగిపోవడానికి వీలులేని శ్రోతలు మామయ్యకు తప్ప ఏ చరిత్రకారుడికి దొరుకుతారు? కారు లేకపోతే ఆ కథలు లేవు. కథలు లేకపోతే ఆయన ఆ వీధిలో ఉండే పదిమంది ముసలివాళ్ళలో ఒకడు. ఆ సంగతి ఆయనకు మా అందరికన్నా బాగా తెలుసు.

కథలలో మొదటిది స్థాపకుడిది. ఆయన తన మొదటి ఇంజనును నడిపి చూసినప్పుడు ఆ చప్పుడుకు పక్కింటి పసిబిడ్డ నిద్రలేచి ఏడ్చిందట. వెంటనే ఇంజనును విప్పేసి, బిడ్డ నిద్ర చెడని ఇంజను తయారయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేశాడట. నేను ఒక శనివారం వెచ్చించి ఆ కాలపు వీధి పటాన్ని వెతికి చూశాను. ఆ షెడ్డు పక్కన ఇల్లు లేదు. ఉన్నది రాళ్ళు కొట్టే యార్డు. ఈ సంగతి మామయ్యకు విన్నవించాను.

"అయితే ఇంకా గొప్ప అమ్మాయ్! రాళ్ళ చప్పుడుకి లేవని బిడ్డ ఇంజను చప్పుడుకి లేచిందంటే ఆ ఇంజను ఎంత బలమైందో ఆలోచించు."

"నిశ్శబ్దం గురించి కదా నువ్వు చెప్పింది?"

"బలం తరవాతే నిశ్శబ్దం."

రెండోది తుప్పు కథ. ఆ కంపెనీ ఇనుముకు తుప్పు పట్టదు. మామయ్య కారు వెనక చక్రం పైన అరచేయంత మేర గోధుమరంగు పొక్కులు లేచి ఉన్నాయి. నేను వేలు పెట్టి చూపించాను. అది బురద అన్నాడు. తడిగుడ్డతో తుడిచాను. మొండి బురద అన్నాడు.

మూడోది రూపాయి కథ. ఇంజను నడుస్తూ ఉండగా దాని మీద రూపాయిని అంచు మీద నిలబెడితే పడదు. ఆ కంపెనీ ఇంజను అంత నిలకడైనది. ఇదే కథను ఇంకో రెండు కంపెనీల అభిమానులు కూడా తమదిగా చెప్పుకుంటారని నేను తెలుసుకున్నాను. ఒకే కథకు ముగ్గురు తండ్రులంటే నాకు అనుమానం వస్తుంది. మామయ్యకు మాత్రం మిగతా ఇద్దరూ కాపీ కొట్టినవాళ్ళు.

న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన కథలలో ముప్ఫైల నడిమి నుంచి నలభైల నడిమి వరకు కాలమే ఉండదు. ఒక వాక్యంలో గుండ్రటి దీపాల పాత కారు, మరు వాక్యంలో యుద్ధం ముగిసిన తరువాతి కారు. కొత్తగా వచ్చినవాళ్ళను ఆయన కంపెనీ మ్యూజియానికి తీసుకుపోతాడు. అక్కడ వెలుతురు తక్కువగా ఉండే ఒక గది ఉంది. యుద్ధకాలంలో ఎక్కడెక్కడి నుంచో బలవంతాన తెచ్చి ఫ్యాక్టరీలో పనిచేయించిన మనుషుల గురించిన గది. దాని గుమ్మం దాకా వచ్చేసరికి ఆయనకు మోకాలు నొప్పి వస్తుంది. నాలుగైదుసార్లు గమనించి, ఒకసారి నిలదీశాను.

"అది నా నోట కథగా వినేది కాదమ్మాయ్," అన్నాడు. "నేను చెబితే ఎక్కడో ఒకచోట ఉప్పూకారం చల్లుతా. అందుకే వాళ్ళను లోపలికి పంపి నేను బయట కూచుంటా. చదువుకుని వస్తారు."

ఇదీ పరీక్షించాను. నిజమే. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంతసేపు ఉన్నా తొందరపెట్టడు. బయటకు వచ్చాక హాస్యమాడడు. ఆయన చెప్పినవాటిలో ఒక్క మాట కూడా పెంచకుండా చెప్పినది అదొక్కటే.

ఈ దేశపు కార్ల పరిశ్రమలో పొగ కొలతల వ్యవహారం బయటపడిన రోజులలో ఆయన కొన్ని వారాలు పత్రిక తెరవలేదు. తమను పరీక్షిస్తున్నారని పసిగట్టి, అంతసేపూ బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే పొగ వదిలిన కార్లవి. నా వృత్తికి మాత్రం అది మంచి పాఠం. పరీక్ష అని తెలిసినప్పుడు వచ్చిన ఫలితాన్ని నేను సగమే నమ్ముతాను. ఈ పాఠం తరువాత పనికివచ్చింది.

మామయ్య కూతురు, నాకు మరదలు, బ్రెమెన్‌లో విమానాల విడిభాగాల ఇంజనీరు. ఇక్కడే పుట్టి పెరిగింది. ఒక ఏడు వేసవిలో ఆమె వచ్చి ఉండగా మామయ్య కారును గరాజ్ స్తంభానికి రాపాడించాడు. భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది.

"నాన్నా, ఆ స్తంభం ఈ బిల్డింగ్ కట్టినప్పట్నుంచీ అక్కడే ఉంది."

"ఉంది. ఇంతకు ముందెప్పుడూ నా మీదికి రాలేదు."

"నేను జోక్ చెయ్యట్లేదు. నువ్వింక డ్రైవ్ చెయ్యొద్దు. బిట్టె, ప్లీజ్. కీ ఇచ్చెయ్, బండి అమ్మేద్దాం."

అత్తయ్య పులుసు గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది, సరిహద్దులాగా.

"బండి సంగతి నీకేం తెలుసు?" అన్నాడు మామయ్య. "ఇంజను మీద రూపాయి నిలబడుతుంది. అలాంటి బండి తోలేవాడికి ఏమవుతుంది?"

"నిలబడదు."

"నిలబడితే?"

"నిలబడితే నేను జన్మలో ఈ మాట ఎత్తను. పడితే కీ నాది."

"సరే. దసరాకి అందరూ వస్తారుగా, అందరి ముందూ పెడదాం. జడ్జి మన సైంటిస్టు గారు. తల్లి పోలిక. నా పెళ్ళి ఫోటో చూసి కూడా, ఇది నువ్వేనా అని ప్రూఫ్ అడిగిన మనిషి."

అక్కడే ఒక అభ్యంతరం లేవదీశాను. పరీక్షకు పెడుతున్నది ఇంజనును, తేలవలసినది డ్రైవరు సంగతి. ఇవి రెండూ వేరు వేరు రాశులు అన్నాను. ఆ బల్ల దగ్గర ఇద్దరు ఇంజనీర్లు ఉన్నారు. ఇద్దరూ నావైపు జాలిగా చూశారు. మనిషిని అడగడానికి నోరు రాని ప్రశ్నను యంత్రాన్ని అడగడం ఇంజనీర్ల ఇళ్ళలో మాత్రమే జరిగే పొరపాటు. అయినా జడ్జి పదవిని వదులుకోలేదు. ఆ రూపాయి మీద నాకూ కుతూహలం ఉంది.

దసరాకు మామయ్య ఇంటి పెరట్లో ఆయుధపూజ జరగడం ఏటా ఉన్నదే. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కార్లు కడిగి తెచ్చి వరుసగా నిలుపుతారు. అత్తయ్య ప్రతి కారుకూ గంధం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి ఇస్తుంది. వెనక సీట్లలోని పిల్లలు జర్మన్‌లో కేకలు వేస్తూ ఉండగా కార్లు అంగుళం అంగుళం ముందుకు జరిగి నిమ్మకాయలను తొక్కుతాయి.

ఆ ఏడు పక్కింటావిడ కంచె దగ్గరకు వచ్చి నన్ను పిలిచింది. డెబ్భై దాటిన మనిషి. ప్రతిదీ వివరంగా తెలుసుకోవాలనుకునే రకం.

"మీరు శాస్త్రవేత్త కదా," అన్నది జర్మన్‌లో. "ఒకటి అడుగుతాను. ఆ నిమ్మకాయలు మార్డర్ కోసమేనా?"

మార్డర్ అంటే ముంగిసను పోలిన జంతువు. ఈ దేశంలో రాత్రివేళ కార్ల బానెట్ కిందికి దూరి వైర్లు కొరుకుతుంది. దాన్ని తరమడానికి జర్మన్లు చేయని ప్రయోగం లేదు.

"కాదండీ, పూజ కోసం," అన్నాను.

"అది సరే. కానీ నా కారు వైర్లు రెండుసార్లు కొరికింది. మీ మామయ్యగారి కారును ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అంటే పనిచేస్తున్నట్టే కదా?"

పోల్చి చూడడానికి నిమ్మకాయలు పెట్టని కార్లు కూడా తగినన్ని ఉండాలని, ఒక్క కారుతో ఏదీ తేలదని వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, అత్తయ్య దగ్గర నాలుగు నిమ్మకాయలు అడిగి పట్టుకుపోయింది.

హారతి అయ్యాక పరీక్ష మొదలైంది. మామయ్య బానెట్ ఎత్తి, బండి స్టార్ట్ చేసి వచ్చాడు. జేబులో నుంచి పాతకాలపు పెద్ద రూపాయి తీశాడు. ఊరు విడిచి వచ్చేనాడు మిగిలిపోయిన నాణెమని చెబుతాడు. అదీ నేను సరిచూడలేదు. ఇంజను పైమూత మీద దాన్ని నిలిపి చేయి తీశాడు.

రూపాయి నిలబడింది.

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. మామయ్య వినయం నటిస్తూ రెండు చేతులూ జోడించాడు. నేను వంగి చూశాను. అది నిలబడ్డ తీరు నాకు నచ్చలేదు. ఇంజను సన్నగా వణుకుతున్నా రూపాయి అంచున ఆ వణుకు కనిపించడం లేదు. వేలితో తడిమాను. నాణెం కింద చిక్కటి గంధం ముద్ద.

"అత్తయ్యా, ఇదేమిటి?"

"ఇంజనుకి బొట్టు," అన్నది అత్తయ్య. "ఏటా పెడతాను. పైన రేకుకి పెట్టి, పనిచేసేదానికి పెట్టకపోతే ఎట్లా?"

"ఏటా ఇంత మందంగానే పెడతావా?"

"ఈ ఏడు గంధం చిక్కగా కుదిరింది."

ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. గుడ్డ తెప్పించి మూతను శుభ్రంగా తుడిచాను. మళ్ళీ పెట్టమన్నాను. మామయ్య ఈసారి తడుముకుంటూ, చాలాసేపు సరిచేసి, చేయి తీసి ఒక అడుగు వెనక్కి వేశాడు. రూపాయి ఒకటి రెండు క్షణాలు ఆలోచించింది. తరువాత మెల్లగా పక్కకు జరిగి, వాలి, మూత అంచు దాటి ఇంజను సందులోకి జారిపోయింది. ఇంజను హోరులో అది పడ్డ చప్పుడు వినిపించలేదు.

"చూశారా!" అన్నాడు మామయ్య. "గంధం లేకపోయినా నిలబడింది!"

జనం ఘొల్లున నవ్వారు. "అంకుల్, సూపర్!" అన్నాడు ఒక కుర్రాడు. మరదలు తల పట్టుకుంది. "నాన్నా, నీకు సిగ్గు లేదా?" అంటూ తానూ నవ్వేసింది. ఆయన ఎప్పటిలాగే బుకాయిస్తున్నాడని అందరి అభిప్రాయం.

నేను నవ్వలేదు. మామయ్య కథ పెంచేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా నేను చదువుతూ వస్తున్న సూచిక అది. దాదాపు ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఆ కనుబొమ్మ కదలలేదు.

"మామయ్యా, బొమ్మ ఉన్న ముఖం ఏ వైపు తిరిగి ఉంది?" అని అడిగాను.

"నావైపే. అదిగో," అని వేలు చూపించాడు. ఆ వేలు చూపిస్తున్నచోట ఉన్నది మెరిసే ఒక బోల్టు తల.

అప్పుడు నాకు చాలా సంగతులు వరుసగా గుర్తుకు వచ్చాయి. స్తంభం మీదికి వచ్చిందనడం. పత్రికవాళ్ళు చవక సిరా వాడుతున్నారని, అందుకే చదవడం లేదని అనడం. కారులో పక్కన కూర్చున్న అత్తయ్య దారి పొడవునా బోర్డులు పైకి చదవడం. అది ఆవిడ కబుర్ల స్వభావమనుకున్నాం. కంపెనీ గురించి ఆయన అన్న ప్రతి మాటనూ సరిచూసిన నేను ఈ మాటలను పరీక్షకు పెట్టనే లేదు, అవి కారు గురించి కావు కనుక. తనను పరీక్షిస్తున్నారని తెలియని డ్రైవరుకు ఇప్పుడే పరీక్ష జరిగింది. ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మవచ్చు.

"వదినా, తీర్పు చెప్పు," అన్నది మరదలు చేయి చాపి. "పడిందిగా, కీ ఇప్పించు."

అక్కడ నిజం మొత్తం చెబితే ఆ తాళం ఆ చేతిలోకి పోతుంది, ఇక తిరిగి రాదు. మసకకు కారణం ఏమిటో, దానికి మందు ఉందో లేదో ఎవరూ అడగరు. అలాగని అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కాబట్టి నిజాలలో నుంచే కొన్ని ఏరుకున్నాను.

"మొదటిసారి గంధం అంటుకుంది, చెల్లదు," అన్నాను. "రెండోసారి చూసినవాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేదు. నాణెం దొరకడం లేదు. కాబట్టి పరీక్ష మళ్ళీ జరగాలి. అంతవరకు తాళం జడ్జి దగ్గర ఉంటుంది."

"ఏకాభిప్రాయం ఏంటి? అందరం చూశాం!"

"అందరూ కాదు. పరీక్షకు ముందు పరికరాలను సరిచూడడం మా పద్ధతి. ఈ పరీక్షలో పరికరాలు మన కళ్ళే. మనం నలుగురం కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి కాగితం తెచ్చుకోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు. నాకూ లేదు."

"ఒక రూపాయి కోసం కంటి పరీక్షా?" అన్నాడు మామయ్య. "నీ పిచ్చి ముదిరింది."

"నీ కళ్ళు ఆ కంపెనీ సరుకే కదా మామయ్యా, భయమెందుకు?"

"భయమా? నాకా? పద!"

వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండగా అత్తయ్యను పక్కకు పిలిచాను.

"నీకు ముందే తెలుసు కదా?"

అత్తయ్య గ్లాసు తుడుస్తూనే ఉంది. "చెబితే తాళం లాక్కుంటారు. చెప్పకపోతే ఎక్కడో గుద్దుతారు. అందుకని పక్కన కూచుని బోర్డులు చదువుతున్నా. నా గొంతు పోతోందే, ఇంకెన్నాళ్ళు చదవను?"

"మరి గంధం?"

"గంధం చిక్కగా కుదిరిందని చెప్పాగా."

కళ్ళ డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి చలికాలం వచ్చింది. ఈ దేశంలో కంటి డాక్టరును చూడడం కన్నా డాక్టరు కంట్లో పడడం కష్టం. ఫలితాలు ఇవి: మరదలికి ఏ లోపమూ లేదు. అత్తయ్యకు పాత అద్దాలే సరిపోయాయి. నాకు దగ్గరి చూపు తగ్గింది, అద్దాలు పడ్డాయి. మామయ్య ఆ వార్తను మా బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. బాగా ముదిరినవి. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని, డాక్టరు సరేననేదాకా బండి తోలవద్దని చెప్పారు.

తన వార్తను మాత్రం మామయ్య ఒక్క బ్రెమెన్‌కే ఫోను చేసి చెప్పాడు. ఫోనులో మరదలు ఏడ్చింది. "తాళం అడిగాను కానీ, నీకు కనిపిస్తోందా అని ఒక్కసారి కూడా అడగలేదు నాన్నా," అన్నది. ఆయన, "అడిగినా బ్రహ్మాండంగా ఉందనే చెప్పేవాణ్ణి," అన్నాడు. ఈ మాటకు ఋజువు అవసరం లేదు.

ఈలోగా చలికాలపు టైర్లు మార్పించడానికి నేను కారును వర్క్‌షాపుకు తీసుకుపోయాను. మెకానిక్ ఇంజను కింది పలక మీద నుంచి రూపాయిని తీసి, ఇది ఏ దేశపు విడిభాగమని అడిగాడు.

ముందు ఒక కంటికి, కొన్ని వారాల తరువాత రెండో కంటికి ఆపరేషన్ అయింది. వసంతం వచ్చింది. డాక్టరు సరేనన్నారు. మరదలు బ్రెమెన్ నుంచి వచ్చింది. ఎండ కాస్తున్న ఒక ఆదివారం నలుగురం పెరట్లోకి దిగాం. పక్కింటావిడ కారు నాలుగు చక్రాల కిందా తాజా నిమ్మకాయలు ఉన్నాయి. కంచె మీదుగా నన్ను చూసి, "శీతాకాలమంతా ఒక్క వైరు కూడా పోలేదు!" అని బొటనవేలు ఎత్తింది. నేను ఆకాశం వైపు చూశాను.

మామయ్య కారు చుట్టూ నెమ్మదిగా తిరగసాగాడు, చాలాకాలానికి కనిపించిన స్నేహితుణ్ణి చూసినట్టు. వెనక చక్రం దగ్గర ఆగాడు. వంగాడు. గోటితో గీకాడు.

"ఇదేంటి?"

"తుప్పు," అన్నాను.

"ఎప్పుడు పట్టింది?"

"నేను ఈ దేశం వచ్చిన నాటికే ఉంది మామయ్యా."

"మరి ఎవరూ చెప్పలేదే!"

"చెప్పాను. మొండి బురద అన్నావు."

ఆయన లేచి అత్తయ్యను చూశాడు. "నువ్వు కూడా చెప్పలేదు."

"కళ్ళొచ్చాక ఇంట్లో గోడల మరకలన్నీ చూశారు, బల్ల మీద గీతలన్నీ లెక్కపెట్టారు," అన్నది అత్తయ్య. "నా ముఖం చూసి మాత్రం ఏమీ అనలేదు. అదే పద్ధతిలో కారునీ వదిలేయండి."

నేను ఇంజను మూతను స్వయంగా తుడిచి, కొత్త అద్దాలు పెట్టుకుని, గంధం లేదని నిర్ధారించాను. మామయ్య రూపాయిని నిలిపాడు. చేయి తడబడలేదు. వెనక్కి అడుగు వేసి చేతులు కట్టుకున్నాడు. రూపాయి ఒకసారి ఊగింది. వాలింది. ఈసారి నేను సందులన్నిటికీ ముందే గుడ్డలు కుక్కి ఉంచాను. మూత మీదనే బోర్లా పడి ఆగింది.

ఎవరూ ఏమీ అనకముందే, "పడింది," అన్నాడు మామయ్య.

ఆ కంపెనీకి వ్యతిరేకంగా ఆయన నోట ఒక ఫలితం రాగా నేను వినడం అదే మొదటిసారి. కనుబొమ్మ వైపు చూశాను. ఉన్నచోటే ఉంది.

నేను జేబులో నుంచి తాళం తీసి, ఒప్పందం ప్రకారం మరదలికి ఇచ్చాను. ఆమె దాన్ని అరచేతిలో కాసేపు అటూ ఇటూ తిప్పింది.

"కీ నాది. ఓకే?"

"నీదే," అన్నాడు మామయ్య నేలవైపు చూస్తూ.

"నా కీ, నా ఇష్టం. పగలు నువ్వు డ్రైవ్ చెయ్యి. చీకటి పడితే ట్రెయిన్‌లో పోవాలి. కళ్ళు ఏటా చూపించుకోవాలి, కాగితం వదినకివ్వాలి. ఒక్క ఏడు ఎగ్గొట్టినా బండి అమ్మేస్తా. ఇవాళ నేను పక్కన కూచుని చూస్తా."

మామయ్య తాళం అందుకున్నాడు. అత్తయ్య, నేను వెనక ఎక్కాం. ఆయన స్తంభాన్ని ఒక మూర దూరాన తప్పించి, దానికి తల వంచి నమస్కారం పెట్టి రోడ్డెక్కాడు. దారి పొడవునా బోర్డులన్నీ తనే పైకి చదివాడు: ఊళ్ళు, వేగాలు, దారి మళ్ళింపులు, చివరకు ఒక బేకరీ గుమ్మం మీది అక్షరాలు కూడా. నేను వెనక నుంచి ఒక్కొక్కటీ సరిచూశాను. అన్నీ సరిపోయాయి. చదవడానికి ఏమీ మిగలని అత్తయ్య కొంతదూరం పెదవులు కదిపి, తరువాత నిద్రపోయింది. ఆ కారులో ఆవిడ నిద్రపోగా నేను చూడడం అదే మొదలు.

హైవే మీద బండి నిలకడగా పరుగెత్తసాగింది. మామయ్య అద్దంలో నన్ను చూశాడు.

"అమ్మాయ్, నా కంట్లో పెట్టిన ఈ లెన్సు ఉందే, దీన్ని చేసిన కంపెనీ చరిత్ర తెలుసా నీకు? స్థాపకుడు మొట్టమొదటి లెన్సు చేసిన రోజు, పక్కింట్లో ఒక పసిబిడ్డ..."

అద్దంలో ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. నేను సీటు బెల్టు సరిచేసుకున్నాను.